శాసనమూ ఒక నివాళే

పురాణగాథను కాక చరిత్రలో నిజంగా బతికిన వ్యక్తుల కథను చెప్పే చారిత్రక చిత్రం, తెలుగునాట రాజులకన్నా ఆ రాజుల వేషం కట్టిన నటులనే ఎక్కువగా గుర్తుచేస్తుందన్నది ఈ శీర్షిక పాఠకులకు పాత పాటే. రాజేంద్రనగర్‌లో ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల పక్కన ఈ వారం వెలసిన ఒక ఫ్లెక్సీ ఆ వాదనకు మళ్లీ ఊపిరి పోసింది: రాయల కిరీటంతో ఎన్టీఆర్, శాతకర్ణి కవచంతో బాలకృష్ణ, వారి కింద వరుసగా అభిమానుల ముఖాలు, పేర్లు ఉన్నాయి గాని, ఆ రాజుల పేర్లు మాత్రం లేవు.

‘మహామంత్రి తిమ్మరుసు’ (1962)లో శ్రీకృష్ణదేవరాయలుగా, ‘బొబ్బిలి యుద్ధం’ (1964)లో రంగారాయుడిగా, ‘పల్నాటి యుద్ధం’ (1966)లో బ్రహ్మనాయుడిగా నటించిన ఎన్టీఆర్, 1979లో స్వీయ దర్శకత్వంలో తీసిన ‘అక్బర్ సలీం అనార్కలి’లో తాను అక్బరై కుమారుడు బాలకృష్ణను సలీంగా నిలబెట్టారు. ఆ కుమారుడి నూరవ చిత్రంగా, క్రిష్ దర్శకత్వంలో 2017 సంక్రాంతికి వచ్చిన ‘గౌతమీపుత్ర శాతకర్ణి’ని అభిమానులు తండ్రికి నివాళిగానే ఆదరించారు.

అయితే వంశాభిమానం చరిత్రను మింగేసిందని తీర్పు చెప్పేముందు, శాతవాహన రాజైన శాతకర్ణిని గురించిన ఆధారం ఎవరిదో చూడాలి. శాతకర్ణి ఘనతను విపులంగా చెప్పే నాసిక్ శాసనాన్ని, అంటే అక్కడి గుహ గోడపై ప్రాకృతంలో చెక్కిన ప్రకటనను, తన మనవడు వాసిష్ఠీపుత్ర పులుమావి పాలనలో 19వ ఏట చెక్కించినది శాతకర్ణి తల్లి గౌతమీ బాలశ్రీ. నహపాణుడనే క్షత్రప రాజు వెండి నాణేలపై శాతకర్ణి తన ముద్ర కొట్టించాడనడానికి 1906లో జోగళ్తంబిలో దొరికిన వేలాది నాణేలు సాక్ష్యమిస్తున్నా, అతని గుర్రాలు మూడు సముద్రాల నీళ్లు తాగాయన్న మాట మాత్రం కన్నతల్లిదే. చరిత్ర పుస్తకాల్లోని శాతకర్ణి కూడా చాలావరకు ఒక కుటుంబం అర్పించిన నివాళిలోంచే నడిచివచ్చాడు కనుక, ఆ పేరుతో తీసిన చిత్రాన్ని నివాళి అన్నంత మాత్రాన తక్కువ చేయనక్కరలేదు.

కాని బాలశ్రీ కొడుకును పొగిడి ఊరుకోలేదు. ఆ శాసనం అసలు ఉద్దేశం భద్రయానీయ శాఖకు చెందిన బౌద్ధ భిక్షువులకు గుహను దానం చేయడం. స్తుతి పక్కన దానం ఉండాలన్న ఆ పద్ధతిని అభిమాన సంఘాలు పాటించాలి. వచ్చే మే 28న, ఎన్టీఆర్ జయంతికి, ఫ్లెక్సీల చందాతో ఏదైనా బడిలో ‘మహామంత్రి తిమ్మరుసు’ ప్రదర్శించి, చరిత్ర మాస్టారి చేత రాయల గురించి ఒక గంట చెప్పించండి.