వ్రాతప్రతికి అందని పాట: థామస్ బింక్లీ సంగీతకృషి

ప్రాచీనసంగీతమును పునరుద్ధరింపబూనిన వానికి ఒక ధర్మసంకటము తప్పదు. వ్రాతప్రతిలో నున్నంతమాత్రమే పాడినచో పాట నిర్జీవమగును. లేనిదానిని చేర్చినచో అది పూర్వుల పాటయా, పాడువాని పాటయా యను సందేహము పుట్టును. లూట్ వాద్యకారుడును, గాయకవాదక బృందమునకు నిర్దేశకుడును అగు థామస్ బింక్లీ జీవితకృషి యంతయు ఈ సంకటము చుట్టును తిరిగినది.

బింక్లీ 1931లో అమెరికాలోని క్లీవ్‌లండ్ నగరమున జన్మించెను. ఇలినాయ్ విశ్వవిద్యాలయమునందును, పిమ్మట జర్మనీలోని మ్యూనిక్ నందును విద్య నభ్యసించెను. 1960లో మ్యూనిక్ నందే గాయని ఆంద్రెయా ఫన్ రామ్, గాయకుడు నైజెల్ రోజర్స్, కమాను వాద్యములలో నిపుణుడగు స్టెర్లింగ్ జోన్స్ అనువారితో కూడి ‘ష్టూడియో డేర్ ఫ్రూయెన్ మూజీక్’ అను బృందమును నెలకొల్పెను. ప్రాచీనసంగీత కార్యశాల యని ఆ పేరునకు అర్థము.

బృందమునకు విశేషకీర్తి తెచ్చినవి 1964లోను, 1967లోను ధ్వనిముద్రణము చేసిన ‘కార్మినా బురానా’ గీతములు. 1230 ప్రాంతమున వ్రాయబడిన ఈ లాటిను, జర్మను గీతసంపుటి 1803లో బవేరియాలోని బెనెడిక్ట్‌బోయెర్న్ మఠమున బయటపడినది. కార్ల్ ఓర్ఫ్ వీనిలో కొన్నిటికి తన స్వంత సంగీతము కూర్చి 1937లో ప్రదర్శించుటచే ఆ పేరు లోకవిదితమైనది. బింక్లీ త్రోవ వేరు. ఆయన వెదకినది పూర్వుల వరుస. అయితే ఆ ప్రతిలో కొన్ని గీతములకు మాత్రమే స్వరచిహ్నములు కలవు. అవియును స్వరము పైకి పోవుచున్నదో, క్రిందికి దిగుచున్నదో సూచించునే కాని, ఎంత దూరమో చెప్పవు. అదే గీతము మరియొక ప్రతిలో స్పష్టముగ దొరకినప్పుడే వరుస తేలును. తేలినను అది ఒంటి వరుస మాత్రమే. ఏ వాద్యము తోడుండెనో, పాటకు ముందు ఏమి వాయించిరో అందు లేదు.

ఈ లోటును పూరింపగోరిన బింక్లీ దృష్టి తన చేతి వాద్యము పుట్టిన దిక్కునకు మరలినది. లూట్ అను పేరే అరబ్బుల ‘ఊద్’ నుండి వచ్చినది. కనుక ఉత్తరాఫ్రికాలో సజీవముగ నిలిచిన అండలూసీ సంప్రదాయమును ఆయన పరిశీలించెను. పాటకు ముందు ఆలాపన వంటి వాద్యప్రస్తావన, చరణముల నడుమ వాద్యవిస్తారము, ఎడతెగని ఆధారశ్రుతి, ఒకే వరుసను గాయకుడును వాదకుడును స్వల్పభేదములతో నడపుట, ఇవి ఆయన ప్రయోగించిన పద్ధతులు. భారతీయ శ్రోతకు ఇట్టివి చిరపరిచితములు; నాటి యూరోపియను శ్రోతకు ఆశ్చర్యకరములు.

దీనిపై విమర్శ రాకపోలేదు. అండలూసీ సంగీతమును శతాబ్దముల పాటు మారకుండ నిలిచియుండునా? మొరాకో గాయకుని నేటి పద్ధతి పదమూడవ శతాబ్దపు లాటిను గీతమునకు సాక్ష్యమగునా? 1980వ దశకమున ఇంగ్లండులో క్రిస్టఫర్ పేజ్ తన ‘గోథిక్ వాయిసెస్’ బృందముతో, మధ్యయుగగీతములు పెక్కు వాద్యములు లేక కేవలకంఠములతోనే పాడబడెనని వాదించి, పాడి చూపెను. 2002లో డేనియల్ లీచ్-విల్కిన్సన్ తన గ్రంథమున, మధ్యయుగసంగీతమని లోకము వినుచున్నదానిలో ఆధునికుల కల్పన ఎంత కలదో విమర్శించెను. ఆ విమర్శ పేజ్ వాదమునకును వర్తించునది.

అయినను బింక్లీ కల్పించుటయే దోషమనుట న్యాయము కాదు. 1977లో బాజెల్ నుండి వెలువడిన తన వ్యాసమునకు ఆయన ‘కార్యశాల నివేదిక’ యని ఉపశీర్షిక నుంచెను. తన పద్ధతిని ప్రమాణమనక ప్రయోగమనుటలో ఆయన నిజాయితీ కలదు. చిక్కు ధ్వనిముద్రణము వలన వచ్చినది. గ్రంథకర్త ‘బహుశః’ అని వ్రాయగలడు. వాయించిన తీగకు ‘బహుశః’ లేదు. పలుమారులు వినబడిన ఊహ అనుకరించువారికి సంప్రదాయమైనది.

ఈ ప్రశ్న తెలుగువారికిని క్రొత్తది కాదు. తాళ్ళపాక అన్నమాచార్యుని రాగిరేకులపై రాగనామములున్నవి, స్వరములు లేవు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు వరుసలు కూర్చిరి కనుకనే ఆ పదములలో అనేకము నేడు వినబడుచున్నవి. ఆ వరుసలు అన్నమయ్యవి కావని తెలిసియు వాని నాదరించుట తప్పు కాదు. తెలియక, అవి ఆయనవేయని నమ్ముట తప్పు.

బింక్లీ 1973 నుండి 1977 వరకు బాజెల్ లోని స్కోలా కాంటోరుమ్ నందు బోధించెను. 1979లో ఇండియానా విశ్వవిద్యాలయమున ప్రాచీనసంగీత సంస్థను స్థాపించి, 1995లో మరణించువరకు దానిని నడపెను. ఆయన ఊహలలో కొన్ని నిలువకపోవచ్చును. అయినను పండితులు మాత్రమే చదువుకొను ప్రతిని జనులు వినగల పాటగా మార్చినవాడాయన. తరువాతివారు ఆయనను ఖండించుటకైనను, ముందు ఆయన పాటను వినవలసివచ్చినది.