వాలుగ పేగులలోని పేర్లు: ప్రాంతీయ జంతుశాస్త్ర సిద్ధాంత గ్రంథాలపై ఒక విమర్శ

తెలుగు రాష్ట్రాల జంతుశాస్త్ర శాఖలలో మంచినీటి చేపల పరాన్నజీవులు, కప్పలు, కీటకాలు విద్యార్థి పరిశోధనకు చిరపరిచిత విషయాలు. చేపల బజారు దగ్గరలోనే ఉంటుంది; సూక్ష్మదర్శిని శాఖలోనే ఉంటుంది; గాజు పలకలు, రంగు ద్రావణాలు చవక. ఈ సౌలభ్యాన్ని చిన్నచూపు చూడనవసరం లేదు. అయితే ఇంత శ్రమలో ఎంత భాగం తరువాతి పరిశోధకునికి అక్కరకు వస్తున్నదన్నది వేరే ప్రశ్న.

వాలుగ పేగులలో జీవించే గంగేసియా ప్రజాతి బద్దెపురుగుల చరిత్ర ఈ ప్రశ్నకు కఠినమైన సమాధానమే ఇస్తుంది. 1924లో వుడ్‌లాండ్ నెలకొల్పిన ఈ ప్రజాతిలో ఇండోమలయన్ ప్రాంతం నుంచి కాలక్రమాన 48 జాతుల పేర్లు చేరాయి. అనిర్బన్ ఆష్, తోమాష్ షోల్జ్ తదితరులు టైప్ నమూనాలనూ, కొత్తగా సేకరించిన పురుగులనూ పరిశీలించి 2012లో వెలువరించిన సమీక్షలో వాటిలో చెల్లేవి 4 మాత్రమేనని తేల్చారు. 36 పేర్లు కొత్తగా పర్యాయనామాల జాబితాలో చేరాయి.

ఇన్ని పేర్లు ఎలా పుట్టాయి? చచ్చి కుళ్లడం మొదలైన చేప నుంచి తీసిన పురుగు మెత్తబడి సాగుతుంది. ప్రాణంతో ఉన్నదాన్ని చల్లని ఫార్మాలిన్‌లో వేస్తే ముడుచుకుంటుంది. రెండు గాజు పలకల మధ్య నొక్కితే వెడల్పవుతుంది. ఒకే జాతి పురుగు మూడు కొలతలు చూపుతుంది. రెండు మూడు నమూనాలను మాత్రమే కొలిచి, పాత వర్ణనలోని అంకెలతో పట్టిక గీసి, తేడా కనిపించగానే కొత్త పేరు పెట్టే పద్ధతిలో ఈ కొలతలు మూడు జాతులైపోతాయి. వేడి ఫార్మాలిన్‌లో ఒకే తీరున స్థిరపరచడం ఖర్చుతో కూడిన పని కాదు. దోషాన్ని విద్యార్థి మీదకు నెట్టడమూ న్యాయం కాదు: ఎన్ని కొత్త జాతులు వర్ణించావని మౌఖిక పరీక్షలో అడిగినంత కాలం కొత్త జాతులు దొరుకుతూనే ఉంటాయి.

గణాంకాల అధ్యాయాలదీ ఇదే తీరు. 40 చేపలను పరీక్షిస్తే 10 చేపలలో మొత్తం 60 పురుగులు దొరికాయనుకుందాం. సంక్రమణ వ్యాప్తి 25 శాతం, సోకిన చేపకు సగటు తీవ్రత 6, పరీక్షించిన చేపకు సగటు సమృద్ధి 1.5. ఈ మూడింటి నిర్వచనాలను 1982లో మార్గోలిస్ బృందం, 1997లో బుష్ బృందం స్పష్టపరిచినా, తీవ్రత, సమృద్ధి ఒకదాని చోట మరొకటి వాడే అలవాటు పోలేదు. అంతకన్నా చిక్కైనది ఋతువుల చర్చ. నెలకు 10 చేపలు పరీక్షించినప్పుడు ఒక్క చేప తేడాతో శాతం 10 పాయింట్లు మారుతుంది. 10లో 2 చేపలకు సోకిందంటే వ్యాప్తి 20 శాతమే కావచ్చు. 95 శాతం విశ్వాస అవధి మాత్రం సుమారు 2.5 నుంచి 55.6 వరకు ఉంటుంది. ఆ అవధిని చూపకుండా వర్షాకాలంలో సంక్రమణ పెరిగిందని వ్రాసే వాక్యానికి ఆధారం లేదు.

కప్పల విషయంలో సమస్య ఆతిథేయి పేరుతోనే మొదలవుతుంది. పాత గ్రంథాలలోని రానా టైగ్రినా నేడు హోప్లోబాట్రాకస్ టైగరినస్. ఇది పేరు మార్పు మాత్రమే. బోదురుకప్పను పొరబడటం కష్టం. పొలాలలోని చిన్న కప్పల సంగతి వేరు. రానా లిమ్నోకారిస్ అన్న పేరు జావా కప్పకు పెట్టినది. భారతదేశంలో దాని కింద చాలాకాలం కలిసిపోయి ఉన్నవి పలు జాతులు. ఆ పేరుతో నమోదైన పరాన్నజీవి నిజానికి ఏ కప్పలో దొరికిందో తేలాలంటే కప్పనే మళ్లీ చూడాలి. కప్ప భద్రపరచి లేదు. బెంగుళూరులో సి.ఆర్. నారాయణరావు 1937లో వర్ణించిన కప్పల టైప్ నమూనాలు గల్లంతు కావడంతో ఆ పేర్లలో కొన్నింటిపై నేటికీ సందేహం తీరలేదు. అంతటి పరిశోధకుని కృషికే ఆ గతి పట్టినప్పుడు, శాఖ అటకపై లేబుల్ ఊడిపోయిన సీసాల గురించి చెప్పేదేముంది? సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగలో భద్రంగా ఉంటున్నాయి. అవి వర్ణించిన జంతువులకు అలాంటి చోటు లేదు.

కీటకాలపై గ్రంథాలు ఎక్కువగా జాబితాలే. వాటి విలువ తక్కువేమీ కాదు, తేదీ, స్థలం, నమూనా సంఖ్య ఉంటే. విచిత్రమేమంటే ఈ మూడు రంగాలూ ఒకదాని ముఖం ఒకటి చూడవు. కప్ప ఊపిరితిత్తులలో ఉండే హీమటోలీకస్ చదునుపురుగు నత్త నుంచి వెలువడి తూనీగ పిల్లపురుగులో చేరుతుంది. ఆ తూనీగను తిన్న కప్పకు సోకుతుంది. ఒకే శాఖలో ఒకరు తూనీగల జాబితా, మరొకరు కప్పల పురుగుల పట్టిక తయారుచేయవచ్చు. ఇద్దరూ ఒకే చెరువుకు వెళ్లి, ఒకరి సీసాలోని తూనీగను మరొకరు కోసి చూస్తే, ఇద్దరిలో ఎవరూ ఒంటరిగా వ్రాయలేని అధ్యాయం ఒకటి తయారవుతుంది.