నూటొక్క వచనాల యాత్ర

మే నెలలో తిరుపతిని చూడాలి. స్టేషను బయట నున్నటి గుండ్లు, బస్టాండులో మూటలు, అలిపిరి దారిలో చెప్పుల్లేని కాళ్ళు. దేశమంతా ఆ ఊరికి వస్తూ ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ ఊరి పాస్టరు అయ్యగారు సెలవు పెట్టి ఎదురుదిక్కుగా బస్సెక్కుతాడు. ఒక వారం మదనపల్లెలో, ఒక వారం పుంగనూరు వైపు సొంత పల్లెలో, దారిలో ఎవరి మందిరం తగిలితే ఆదివారం ఆ మందిరంలో. ప్రయాణం, ఆరాధన, అయినవాళ్ళు: ఆయన వేసవి ఈ మూడింటి మధ్యే గడిచిపోతుంది. ఈ మూడింటినీ ఒక్క దారంలో గుచ్చిన కావ్యం ఆయన సంచిలోనే ఉంది. అది కీర్తనల గ్రంథంలో 120 నుంచి 134 దాకా ఉన్న 15 పాటలు. తెలుగు బైబిల్లో వీటి నెత్తిన యాత్రకీర్తన అని రాసి ఉంటుంది. మతం సంగతి పక్కన పెట్టి, కవిత్వమనే చదివినా ఇంత చిన్న చోట ఇంత రసం కూడిన రచనలు అరుదు.

ముందు ఆ కొలత చూడండి. 15 పాటలూ కలిపి 101 వచనాలు. మన లెక్కలో ఒక శతకమంత. నాలుగు దావీదు పేర, ఒకటి సొలొమోను పేర ఉన్నాయి. మిగతావాటికి కర్త పేరు లేదు. 132వ కీర్తన ఒక్కటే 18 వచనాలు సాగుతుంది. తక్కినవి తొమ్మిది దాటవు, మూడు పాటలైతే మూడేసి వచనాలతో ముగుస్తాయి. ఏటా పండుగలకు యెరూషలేము కొండకు ఎక్కిపోయే జనం వీటిని పాడుకునేవాళ్ళని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. దేవాలయంలో ఒక ఆవరణ నుంచి పై ఆవరణకు 15 మెట్లుండేవనీ, ఆ మెట్ల మీద ఆలయ సేవకులైన లేవీయులు నిలబడి వాద్యాలు మోగించేవాళ్ళనీ యూదుల పాత గ్రంథం మిష్నా చెబుతుంది. మెట్టుకొక పాట అనుకుంటే తిరుపతి వాళ్ళకు వేరే వివరణ అక్కర్లేదు. 1424లో మొదలుపెట్టి 1503లో కన్నుమూసేదాకా పదాలు కట్టిన అన్నమయ్య తిరిగిన నేల ఇది. ఎక్కేవాడి ఊపిరికి పెద్ద వాక్యాలు అందవని, పల్లవి చిన్నదిగా ఉండాలని ఈ కొండకు తెలుసు.

ఈ పాటల నడకలో ఒక శిల్పం ఉంది. ఒక పాదం చివర విడిచిన మాటను తర్వాతి పాదం అందుకుంటుంది. మన ఆలంకారికులు దీన్నే ముక్తపదగ్రస్తం అన్నారు. పైమెట్టు మీద అడుగు పడేదాకా కిందిమెట్టు మీది కాలు లేవదు. 121వ కీర్తన ఇందుకు మేలైన ఉదాహరణ. మొదటి వచనం సహాయం ఎక్కడ అని అడుగుతుంది, రెండో వచనం ఆ సహాయాన్నే పట్టుకుని జవాబు మొదలుపెడుతుంది. ఆ తర్వాత కాపాడడమనే మాట ఎనిమిది వచనాల్లో ఆరుసార్లు మోగుతుంది. విసుగనిపించదు. దూరం నడిచేవాడికి కొత్త మాట కన్నా తిరిగి తిరిగి వచ్చే మాటే తోడు.

అయితే ఈ యాత్ర ఉత్సాహంతో మొదలు కాదు, అలసటతో మొదలవుతుంది. నన్ను ఎక్కువగా కట్టిపడేసేది ఇదే. 120వ కీర్తనలో మనిషికి మాటలు విని విని విసుగొచ్చింది. అబద్ధాల నాలుకలు, కయ్యానికి కాలు దువ్వేవాళ్ళు, తాను శాంతి అన్నప్పుడల్లా ఎదుటివాడు కత్తి అనడం. తాను మెషెకులోనూ కేదారులోనూ కాపురముంటున్నానని ఆ మనిషి మొర. ఒకటి ఉత్తరాన నల్ల సముద్రం వైపు, ఇంకొకటి దక్షిణాన అరబ్బుల ఎడారి వైపు. ఒకే మనిషి రెండుచోట్లా ఎట్లా ఉంటాడు? ఉండడు. ఎక్కడున్నా పరాయిగానే ఉన్నానని చెప్పడానికి కవి భూగోళాన్నే కలగలిపేశాడు. సంఘ పెద్దల ఎన్నికలు, ఆస్తి తగాదాలు, పెళ్ళి ఒప్పందాలు, ఒకరి మీద ఒకరు మోసుకొచ్చే మాటలు ఏడాదంతా విన్న అయ్యగారికి ఈ పద్యం చదువుతుంటే ఎవరో తన డైరీ తీసి చదివినట్టుంటుంది. సెలవు అడగడానికి సిగ్గుపడేవాళ్ళు ముందు ఈ ఏడు వచనాలు చదవాలి. అలసట ఒప్పుకోవడమే ఇక్కడ మొదటి మెట్టు.

తిరుపతి నుంచి మదనపల్లె బస్సు భాకరాపేట కనుమ ఎక్కుతుంది. కిటికీ పక్కన ఎండిన అడవి, ఎర్రమట్టి, వంపు తిరిగినప్పుడల్లా మీదికి వచ్చే శేషాచలం గుట్టలు. 121వ కీర్తన పాడుకోవాల్సిన చోటు ఇదే. అందులో కవి కొండల వైపు కళ్ళెత్తుతాడు, ఎత్తి ప్రశ్న వేస్తాడు. కొండ జవాబు చెప్పదు. అది ప్రశ్నను పెద్దది చేస్తుందంతే. జవాబు కొండను కలిగించినవాడి నుంచి రావాలి. నాలుగు పాటలు దాటాక 125వ కీర్తనలో అవే కొండలు మళ్ళీ వస్తాయి. ఈసారి ప్రశ్న లేదు. ఊరి చుట్టూ కొండలున్నట్టు జనం చుట్టూ దేవుడున్నాడంటుంది పాట. దూరం నుంచి భయపెట్టిన కొండ, దగ్గరికి వచ్చాక ప్రహరీ అయింది. కొండ మారలేదు, చూసేవాడు నిలబడ్డ చోటు మారింది. ఒకే దృశ్యంతో రెండు భావాలు పలికించడం గొప్ప కవులు చేసే పని.

ఎండ గురించి కూడా 121వ కీర్తనకు తెలుసు. పగటి సూర్యుడు నిన్ను కొట్టడంటుంది, అంతటితో ఆగక రాత్రి చంద్రుడు కూడా కొట్టడంటుంది. వెన్నెలకు భయమేమిటని అడిగేవాళ్ళు ఆరుబయట మంచం వేసుకుని వడగాలి రాత్రి గడపనివాళ్ళే. రాయలసీమ వేసవిలో పొద్దు గుంకినా రాయి చల్లారదు.

123, 124 పాటలు దారిలో దాటిపోయే ఊళ్ళలాంటివి. యజమాని చేతివైపు చూసే పనివాళ్ళ కళ్ళు, వేటగాడి ఉరి తెగి ఎగిరిపోయిన పిట్ట: రెండు మంచి బొమ్మలు, చూసి సాగిపోతాం. 126 దగ్గర మాత్రం బస్సు దిగాల్సిందే.

చెరపోయిన జనం తిరిగొచ్చినప్పుడు అంతా కలలా ఉందంటూ ఆ పాట మొదలవుతుంది. ఆపైన దక్షిణాన ఎండిన వాగులు మళ్ళీ పారాలని అడుగుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకగా ఉండి, వాన పడిన రోజు ఒక్కసారిగా పోటెత్తే వాగులవి. స్వర్ణముఖిని ఎరిగినవాళ్ళకు ఇది ఉపమానంగా తోచదు, ఇంటి వార్తలా ఉంటుంది. పేరులో బంగారం ఉన్నా వేసవిలో ఏటి నిండా ఇసుకే. తర్వాత వచ్చేది విత్తనాల సంచి మోస్తూ ఏడ్చుకుంటూ చేనికి పోయే రైతు. విత్తేవాడు ఎందుకు ఏడుస్తాడు? చెనక్కాయలు వేసే పల్లెలో పుట్టినవాడు ఆ ప్రశ్న అడగడు. విత్తనం అంటే ఇంట్లో తినకుండా దాచిన గింజ, లేకపోతే అప్పు తెచ్చిన గింజ. దాన్ని వాన మీద నమ్మకంతో మట్టిలో పారేయాలి. కరుణరసం ఇక్కడ ఏడుపు వల్ల పుట్టలేదు. ఏడుస్తూనే ఆగకుండా నడిచే కాళ్ళ వల్ల పుట్టింది. పనలు మోసుకుని పాడుతూ తిరిగొచ్చే చివరి వచనం అందుకే అంత బరువుగా దిగుతుంది.

అక్కణ్ణుంచి యాత్ర ఇంట్లోకి దూరుతుంది. ఇది ఎవరూ ఊహించని మలుపు. గుడికి పోయే పాటల నడుమ ఇల్లు కట్టడం, నిద్రపోవడం, పిల్లలు, పెళ్ళాం, అన్నం! 127వ కీర్తన పొద్దెక్కకముందే లేచి, చీకటి పడినా వాలకుండా, కష్టార్జితం తింటూ ఒళ్ళు హూనం చేసుకునేవాణ్ణి చూసి ఇదంతా వృథా అంటుంది. తాను ప్రేమించేవాడికి దేవుడిచ్చే బహుమానం నిద్ర అంటుంది. ఊరందరి నిద్ర కోసం ప్రార్థన చేసి తాను నిద్రపోని మనిషికి ఇంతకన్నా చల్లని మాట ఉండదు. 128లో ఇంటావిడ ద్రాక్షతీగ, భోజనం చుట్టూ చేరిన పిల్లలు ఒలీవ మొక్కలు. మన పల్లెలో బల్ల ఉండదు, బంతి ఉంటుంది. రాగిసంగటి ముద్దలు వరసగా పడతాయి, మధ్యలో నాటుకోడి పులుసు, మూలన తోతాపురి కాయల గంప. "ఏం నాయనా, ఇంత చిక్కిపోయినావు, ఆడ నీకు అన్నం పెట్టేవాళ్ళు ల్యారా?" అంటుంది అవ్వ. ఊరందరికీ అయ్యగారైన మనిషి ఆ ఒక్క మాటతో మనవడైపోతాడు. పిల్లల పిల్లల్ని చూడాలని దీవించే ఆ పాట చివరి వచనం అవ్వ వైపు నుంచే వినాలి.

129వ కీర్తనలో ఇంటికప్పు మీద మొలిచి, ఎదగకముందే ఎండిపోయే గడ్డి కనిపిస్తుంది. మట్టిమిద్దెల సీమలో ఆ గడ్డిని చూపించడానికి వ్యాఖ్యానకర్త అవసరం లేదు, మిద్దెకేసి తలెత్తితే చాలు.

మదనపల్లెకు ఈ కావ్యంతో రెండు చుట్టరికాలున్నాయి. 1863లో అక్కడికి వచ్చి, వైద్యమూ ప్రచారమూ చేసి, 1908లో అక్కడే కన్నుమూసిన జేకబ్ చేంబర్లేన్ తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షుడు. ఆ తెలుగు నుడికారం తీర్చిన చేతుల్లో ఈ ఊరి చెయ్యీ ఉంది. రెండోది ఆరోగ్యవరం. డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో 1915లో మొదలైన ఆ క్షయ ఆసుపత్రి కాలానికి స్ట్రెప్టోమైసిన్ లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి: ఇవే మందులు. విశ్రాంతిని చీటీ మీద రాసిచ్చిన ఊరది. అక్కడ 130వ కీర్తన చదివితే గుండె ఆగుతుంది. లోతుల్లోంచి పిలిచే మనిషి, కావలివాళ్ళు తెల్లవారడం కోసం చూసినట్టు ఎదురుచూస్తాడు. ఆ పోలిక వెంటనే మరోసారి వస్తుంది, అక్షరం మారకుండా. రాత్రి తెమలడం లేదని చెప్పడానికి అంతకన్నా మంచి ఉపాయం లేదు. వాక్యమే ఇంకో జాము కాచుకుంది.

ఆ లోతు తర్వాత 131. మూడే వచనాలు. నన్నడిగితే 15 పాటల్లో నాయకమణి ఇదే. పెద్ద సంగతుల జోలికి పోలేదని, పాలు మాన్పించిన బిడ్డ తల్లి దగ్గర ఉన్నట్టు తన ప్రాణం ఊరుకుందని చెప్పి పాట ముగిసిపోతుంది. పాలు తాగే బిడ్డ తల్లిని వెతికేది ఆకలితో. పాలు మానిన బిడ్డ ఒళ్ళో కూచునేది ఒట్టినే, తల్లి కోసమే. అడగడానికేమీ లేని సన్నిధి అది. వారం వారం అందరి తరఫునా అడిగే వృత్తిలో ఉన్నవాడికి ఏమీ అడగని ప్రార్థన ఒకటుందని గుర్తుచేసే పద్యం. మహాభారతానికి ప్రధానరసం శాంతమని ఆనందవర్ధనుడు వాదించడానికి యుద్ధం, ప్రళయం, మహాప్రస్థానం అన్నీ కావలసి వచ్చాయి. ఈ కవికి ఒక తల్లి ఒడి చాలింది. వాత్సల్యం మెల్లగా శాంతంగా మారే ఆ క్షణాన్ని పట్టుకున్నాడు.

133లో అన్నదమ్ములు ఒకచోట చేరతారు. బెంగళూరు నుంచి ఒకడు, వేలూరు నుంచి ఒకడు, గల్ఫు నుంచి ఒకడు వచ్చిన వేసవి ఇల్లు తలుచుకోండి. యాజకుడు అహరోను తల మీద పోసిన నూనె గడ్డం మీదికి, అంగీ అంచు మీదికి దిగుతుంది. దూరాన ఉత్తరాన ఉన్న హెర్మోను మంచు సీయోను కొండ మీదికి దిగుతుంది. ఎక్కే పాటల్లో చివరికి వచ్చేసరికి ప్రతి బొమ్మా కిందికి దిగుతోంది! మనిషి ఎక్కినంత సేపూ పైనుంచి ఏదో అతనికి ఎదురుగా దిగుతూనే ఉందన్నమాట. ఈ ఒక్క ధ్వని కోసం మొత్తం మాలిక మళ్ళీ మొదటి నుంచి చదవవచ్చు.

చివరి పాట 134లో యాత్రికుడు రాత్రివేళ మందిరంలో సేవ చేస్తున్నవాళ్ళను చూస్తాడు, చేతులెత్తి స్తుతించండని వాళ్ళను హుషారు చేస్తాడు. మూడో వచనంలో వాళ్ళు అతణ్ణి దీవిస్తారు. ఏడాదంతా ఆశీర్వచనం పలికిన నోరు ఇక్కడ మూసుకుని ఉంటుంది, ఆ తల వంగి ఉంటుంది. ప్రసంగం చెప్పకుండా వెనక వరసలో చాప మీద కూచుని, ఇంకో పల్లె అయ్యగారి దీవెన అందుకోవడం సెలవులో ఉన్న పాస్టరుకే దొరికే భాగ్యం. అందుకే తమ అయ్యగారు వేసవిలో ఊరెళ్తే పని మానేశాడని గొణిగే సంఘాలు ఈ 101 వచనాల్ని ఒక ఆదివారం వరసగా చదివించుకుంటే బాగుంటుంది. అలసటతో మొదలై, ఇంటి అన్నం తిని, తల్లి ఒడిలో కాసేపు ఊరుకుని, ఇతరుల చేత దీవెన పొందే దాకా సాగేదే వాటి లెక్కలో పూర్తి ఆరాధన.