పేరు చెప్పకుండా చెప్పే విద్య

‘గాసిప్ మేం చదవం’ అని చెప్పేవాళ్లు మా కాపెల్‌లో చాలామందే ఉన్నారు. శనివారం రాత్రి విందులో ఏ హీరో ఏ నిర్మాత మీద అలిగాడో పూసగుచ్చినట్టు చెప్పేదీ వాళ్లే. ఆ ‘చదవని’ పాఠకుల మీద, వాళ్లకోసం రాసే కాలమిస్టుల మీద మా ఊరి అమ్మాయి ఏకంగా పుస్తకమే రాసింది. పగలు కంప్యూటర్ ఉద్యోగం, రాత్రి పాత సినిమా పత్రికల దుమ్ము. ముందుమాట రాయమంటే మొహమాటానికి ఒప్పుకున్నాను కానీ, చదివాక ఇష్టంగానే రాస్తున్నాను.

ఆమె అసలు బలం వాక్యాన్ని విప్పి చూపడంలో ఉంది. ‘ఓ అగ్ర హీరో సెట్‌కి రావడం మానేశాడట. వరసగా రెండు ఫ్లాపులు తిన్నా ఆయన రేటు మాత్రం దిగిరావడం లేదని ఫిలింనగర్ భోగట్టా.’ ఇలాంటి మచ్చు ఒకటి తీసుకోండి. పేరు లేదు, ఆనవాలు ఉంది. ఆనవాలు ఎక్కువైతే లాయరు నోటీసు వస్తుంది. తక్కువైతే పాఠకుడు పేజీ తిప్పేస్తాడు. ఎక్కడ ఆపాలో తెలిసినవాడే కాలమిస్టు. మిగిలిన ఖాళీ పాఠకుడు పూరించుకుని, తనే కనిపెట్టానని మురిసిపోయి, పక్కవాడి చెవిలో వేస్తాడు. సగం రచన పాఠకుడిదేనని ఈమె అనడం నాకు భలే నచ్చింది.

ఈ విద్యకు మంచి వారసత్వమే ఉంది. ముళ్లపూడి వెంకటరమణ ‘విక్రమార్కుని మార్కు సింహాసనం’లో సినిమా లోకాన్ని నవ్విస్తూనే కడిగేశారు. హాలీవుడ్‌లో నటిగా రాణించలేకపోయిన హెడ్డా హాపర్, 1938లో కాలమ్ మొదలుపెట్టి స్టూడియోలను గడగడలాడించింది. బెవర్లీ హిల్స్‌లోని తన ఇంటిని భయం కట్టించిన ఇల్లని తానే చెప్పుకునేదట!

ఆ భయాన్ని అమ్ముకుంటే ఏమవుతుందో మద్రాసు చూసింది. ‘సినిమా తూదు’, ‘హిందూ నేసన్’ నడిపిన లక్ష్మీకాంతన్ తారల రహస్యాలు అచ్చేసేవాడు, డబ్బు గుంజేవాడని పేరు. 1944 నవంబరులో వేపేరిలో కత్తిపోట్లకు గురై మర్నాడు చనిపోయాడు. ఆ హత్య కేసులో తమిళ తారలు త్యాగరాజ భాగవతార్, ఎన్.ఎస్. కృష్ణన్ జైలుకెళ్లారు. కేసు ప్రివీ కౌన్సిల్ దాకా పోయి, వాళ్లు 1947లో గానీ బయటపడలేదు. తర్వాత మన ఎన్టీఆర్‌తో ‘అగ్గిరాముడు’ తీసిన శ్రీరాములు నాయుడు కూడా ఆ కేసులో నిందితుడై, నిర్దోషిగా బయటికొచ్చినవాడే. గుట్టు దాచి నవ్వించడానికీ, గుట్టు చూపి బెదిరించడానికీ ఉన్న తేడాను లక్ష్మీకాంతన్ మీద ఈమె రాసిన అధ్యాయం చెప్పినంత గట్టిగా నేనెక్కడా చదవలేదు.

ఇక అమెరికాలో ఉన్న మన సంగతి. ఒకప్పుడు హైదరాబాద్ కబురు మనదాకా రావడానికి ఎవరైనా విమానం దిగాలి, సూట్‌కేసులోంచి వారపత్రిక తీయాలి. ఇప్పుడు గాలి ఎదురు తిరిగింది. డాలస్ చుట్టుపక్కల ప్రీమియర్ సాయంత్రం పడితే హైదరాబాద్‌లో తెల్లవారుజాము. ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ లైన్లో నిలబడ్డవాడు ‘ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ మీద ఆధారపడి ఉంది’ అని వాట్సాప్‌లో పెడితే, అక్కడివాళ్లు పళ్లు తోముకునేలోపు అది ‘ఓవర్సీస్ టాక్’ అయి కూర్చుంటుంది. టాక్ వినే జనం టాక్ పుట్టించే జనమయ్యారు. మిలియన్ డాలర్ల వసూళ్ల లెక్క గాసిప్‌లో చోటు సంపాదించుకోవడానికీ మనమే కారణం. ఈ మార్పును పాప్‌కార్న్ లైన్లోనే నిలబడి గమనించిందీమె.

ఒక్కచోట మాత్రం నాకు పేచీ ఉంది. హీరోయిన్ల మీద కాలమిస్టులు రాసిన రాతల దగ్గరికొచ్చేసరికి ఈమె కలం మెత్తబడింది. హీరోకి అలకలూ పారితోషికాలూ అయితే, హీరోయిన్‌కి ఎప్పుడూ ఒంటి బరువూ పెళ్లి కబురూనే. దాన్ని శైలి అని సరిపెట్టడం నాకు రుచించలేదు. మలి ముద్రణలో ఆ అధ్యాయం తిరగరాయమని పెద్దవాడిగా చెబుతున్నాను, వింటుందనే నమ్మకం.

పాఠకులకు ఒక మనవి. ఈ పుస్తకం అరువు అడక్కండి, కొనండి. కొన్నాక లక్ష్మీకాంతన్ అధ్యాయంతోనే మొదలుపెట్టండి.

కాపెల్, టెక్సస్