1420 దగ్గర ఏముంది?

మోస్రాలో మిద్దె మీద రేకుల పెట్టె ఆకాశానికి ఎక్కుపెట్టి కూర్చుంటే, వచ్చినవాళ్లు అడిగేది ఒకటే: "అన్నా, వాళ్లెవరన్నా మాట్లాడిన్రా?" మాట్లాడలేదు. 1960లో ఫ్రాంక్ డ్రేక్ అమెరికాలోని గ్రీన్ బ్యాంక్‌లో 85 అడుగుల డిష్‌ను టావ్ సెటి, ఎప్సిలాన్ ఎరిడాని అనే రెండు నక్షత్రాల వైపు తిప్పిన నాటి నుంచి ఎవరికైనా ఇదే జవాబు. అయినా ఈ వెతుకులాట వృథా అంటే నేనొప్పుకోను. పక్క మోటారు ఆగితే గానీ కాలువ పారే చప్పుడు వినపడదు కదా. గ్రహాంతర జీవుల సంగతి తర్వాత, ముందు మన చప్పుడేదో మనం గుర్తుపట్టాలి. ఈ పనిలో ముప్పాతిక వంతు అదే.

వినేది 1420.4 మెగాహెర్ట్జ్ దగ్గర. విశ్వంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న హైడ్రోజన్ అక్కడ తనంతట తానే సన్నగా పలుకుతుంది. రేడియో తెలిసిన ఏ లోకంవాళ్లకైనా ఈ అంకె తెలిసే ఉంటుందని, అక్కడే వినాలని 1959లో కొకోని, మోరిసన్ సూచించారు. అంతర్జాతీయ నియమాల ప్రకారం 1400 నుంచి 1427 మెగాహెర్ట్జ్ దాకా ఎవరూ ప్రసారం చేయకూడదు. ఆ హైడ్రోజన్ పలుకును 1951లో హార్వర్డ్‌లో యూవెన్, పర్సెల్ తొలిసారి పట్టుకున్నది ప్లైవుడ్‌కు రాగి రేకు తాపడం చేసి కిటికీలో బిగించిన హార్న్ యాంటెన్నాతో.

మనకు అంత కూడా అక్కర్లేదు. పెయింటు థిన్నర్ డబ్బా, దాని మూతికి అల్యూమినియం రేకు అంటించిన థర్మకోల్ పలకలు, డబ్బా లోపల ఐదు సెంటీమీటర్ల పైచిలుకు రాగి తీగ ముక్క, దానికి ఆనించి ఒక యాంప్లిఫయర్, లాప్‌టాప్‌కు పెట్టే చిన్న యూఎస్‌బీ ట్యూనర్. హార్న్ నోరు నడినెత్తికి పెట్టి కదపకుండా వదిలేయాలి. తిరిగే పని భూమే చూసుకుంటుంది. వినాయక చవితి తర్వాతి రోజుల్లో, చీకటి పడ్డాక శ్రవణా నక్షత్రం నడినెత్తికి దగ్గరగా వస్తుంది, దాని పక్కనే పాలపుంత. తెర మీద చదునుగా ఉన్న గీత నడుమ మెల్లగా ఉబ్బుతుంది. గంటకు పైగా నిలిచి, పాలపుంత పక్కకు జరిగాక అణిగిపోతుంది. వేల కాంతి సంవత్సరాల అవతలి వాయువు మన మిద్దె మీది డబ్బాలోకి వచ్చి కనిపించడం కన్నా గొప్ప సంగతి నాకు తెలియదు.

ఆ ఉబ్బు పక్కనే కొన్నిసార్లు సూదిలా నిటారు గీత లేస్తుంది. గుండె ఝల్లుమంటుంది. లాప్‌టాప్ చార్జర్ పీకితే గీత మాయం! పీకినా పోకపోతే హార్న్‌ను పక్కకు తిప్పాలి. అప్పటికీ ఉంటే అది ఆకాశానిది కాదు. పెద్ద సంస్థలు చేసేదీ ఇదే: నక్షత్రం వైపు కాసేపు, పక్కకు కాసేపు, మళ్లీ నక్షత్రం వైపు. ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపుకు ఏళ్లపాటు అంతుపట్టని సంకేతాలు మైక్రోవేవ్ ఓవెన్ తలుపు ముందే తెరవడం వల్ల వచ్చినవని 2015లో తేలింది. 2019లో ప్రాక్సిమా సెంటారీ నక్షత్రం దిక్కు నుంచి దొరికిందన్న సంకేతమూ చివరికి మన భూమిదే అయింది. 1977 ఆగస్టు 15న ఒహాయోలో నమోదైన 'వావ్' సంకేతం మాత్రం 72 సెకన్లు ఉంది. కదలని ఆ యాంటెన్నా ముందు నుంచి ఒక నక్షత్రం దాటడానికి సరిగ్గా అంతే పడుతుంది. అందుకే దాన్ని కొట్టిపారేయలేం. కానీ మళ్లీ వినపడలేదు కాబట్టి లెక్కలోకీ తీసుకోలేం. టీవీల్లో ఎగిరే పళ్లేల కార్యక్రమాలు చేసేవాళ్లు ఈ రెండో మాట ఎన్నడూ చెప్పరు. పిల్లలకు అది అన్యాయం.

వినడానికి క్రమశిక్షణ కావాలి. అది నేర్పేవాళ్లు మనకు దూరంగా లేరు. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ 2004 డిసెంబరులో హ్యామ్ రేడియో పని మీద అండమాన్ వెళ్లి ఉన్నారు. సునామీ వచ్చి ఫోన్లు తెగిపోతే పోర్ట్ బ్లెయిర్ నుంచి కబుర్లు చేరవేశారు. సమయం, ఫ్రీక్వెన్సీ, సంకేతం బలం: ప్రతిదీ పుస్తకంలో రాసుకోవడం హ్యాముల అలవాటు. నేనూ అదే పాటిస్తాను.

థర్మకోల్ హార్న్ హైడ్రోజన్‌కు చాలు, వేరే లోకపు పిలుపుకు చాలదు. 1996లో గ్రహాంతర సంకేతాలు వెతికే సెటి లీగ్ ప్రపంచమంతటా ఔత్సాహికులను కూడగట్టింది పాత టీవీ డిష్‌ల మీద నమ్మకంతోనే. వర్ని, బోధన్, రుద్రూరుల్లో కేబుల్ ఆపరేటర్లు ఒకప్పుడు మిద్దెల మీద నిలబెట్టిన పెద్ద డిష్‌లు ఇంకా ఎక్కడెక్కడ మిగిలాయో, అవన్నీ పాత ఇనుము కిందికి పోకముందే హైస్కూళ్లకు ఇవ్వండి. జాలీ చిరిగినా ఫర్వాలేదు. హైడ్రోజన్ తరంగం పొడవు 21 సెంటీమీటర్లు కాబట్టి రెండు సెంటీమీటర్ల లోపు కన్నులున్న కోళ్లగూటి జాలీతో అతుకు వేస్తే సరిపోతుంది.