శివారుకు చేరిన తీర్పు

దివిసీమ రైతుకు ‘శివారు’ అన్న మాటకు అర్థం చెప్పనక్కరలేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలారని పేపర్లో చదివిన రోజుకీ, పులిగడ్డ అక్విడక్టు దాటి నాగాయలంక, కోడూరు చివరి చేలకు తడి తగిలే రోజుకీ మధ్య ఎన్ని లాకులు, ఎన్ని వంతులు ఉంటాయో అతనికి తెలుసు. తీర్పుల సంగతీ అంతే. ఢిల్లీలో ఒక తీర్పు వస్తుంది. మర్నాడు పత్రికల్లో పెద్దక్షరాల్లో పడుతుంది. అది ఎవరి బతుకు మార్చాలో ఆ మనిషికి చేరేసరికి ఏళ్లు గడుస్తాయి. ఒక్కోసారి అసలు చేరదు.

నేను బందరు జిల్లా కోర్టులో జూనియరుగా ఉన్న రోజుల్లో కోడూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. సంచిలోంచి తీర్పు నకలు తీసి బల్లమీద పెట్టి, “బాబుగారూ, గెలిచామా, ఓడామా?” అని అడిగాడు. దావా గెలిచి అప్పటికే ఏడాది దాటింది. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితం చదివి చెప్పేవాళ్లు లేక, ఓడిపోయామనుకొని, సగం చేను వదులుకుని రాజీపడటానికి సిద్ధమయ్యాడు. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఈ పుస్తకం రాసిన అమ్మాయి ఆ శివారు గడ్డన పుట్టింది. న్యాయశాస్త్రం పూర్తిచేసి నా దగ్గర జూనియరుగా చేరింది. బందరు, గుడివాడ, అవనిగడ్డ కోర్టుల మధ్య బస్సుల్లో తిరుగుతూ, వాయిదాకూ వాయిదాకూ మధ్య చిక్కిన సమయంలో కోర్టు తీర్పుల మీద తెలుగులో ఈ వ్యాసాలు రాసింది. రాతప్రతి నా చేతికిచ్చి, “తప్పులుంటే దిద్దండి మాస్టారూ” అంది. దిద్దడానికి కూర్చున్నవాణ్ణి నేర్చుకుంటూ లేచాను.

పుస్తకానికి ఆయువుపట్టు ఎస్సీ వర్గీకరణ మీది వ్యాసం. ఎస్సీ కులాలను నాలుగు గ్రూపులు చేస్తూ 2000లో మన రాష్ట్రం చట్టం తెచ్చింది. రాష్ట్రపతి ప్రకటించిన జాబితా అంతా ఒకే వర్గమనీ, దాన్ని విడదీసే అధికారం రాష్ట్రానికి లేదనీ 2004లో ఇ.వి.చిన్నయ్య కేసులో అయిదుగురు న్యాయమూర్తులు ఆ చట్టాన్ని కొట్టేశారు. ఇరవై ఏళ్లకు, 2024 ఆగస్టు 1న, దవీందర్ సింగ్ కేసులో ఏడుగురి ధర్మాసనం ఆరుగురి మెజారిటీతో ఆ తీర్పును పక్కనపెట్టింది. వర్గీకరణ చేయవచ్చు, కానీ అందుకు లెక్కలు చూపాలంది. 2025లో మన రాష్ట్రం రెల్లి ఉపకులాలకు 1, మాదిగ ఉపకులాలకు 6.5, మాల ఉపకులాలకు 7.5 శాతంగా ఎస్సీల 15 శాతం రిజర్వేషన్లను పంచింది. పక్కపక్క పేటల మధ్య మాటలు తూలిన విషయమిది. రచయిత్రి ఎక్కడా గొంతు పెంచలేదు. మెజారిటీ వాదాన్ని ఎంత ఓపికగా విప్పిందో, విభేదించిన జస్టిస్ బేలా త్రివేది వాదాన్నీ అంతే ఓపికగా విప్పింది.

విడిగా నిలబడ్డ తీర్పును గౌరవంగా చదవడం మన జిల్లావాళ్లకు కొత్త కాకూడదు. మొవ్వ మండలం పెదముత్తేవిలో పుట్టి, బందరు హిందూ హైస్కూల్లో చదువుకున్న జస్టిస్ జాస్తి చలమేశ్వర్, 2015లో న్యాయ నియామకాల కమిషన్ కేసులో నలుగురు ఒకవైపు ఉంటే తానొక్కరే రెండోవైపు నిలిచారు. జడ్జీలే జడ్జీలను ఎంపిక చేసే కొలీజియంలో పారదర్శకత లేదని రాశారు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిదిమంది ఏకగ్రీవంగా చెప్పినప్పుడు వారిలో ఆయనా ఒకరు.

రొయ్యల చెరువుల వ్యాసం మన కంటిముందు కథ. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్.జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, తీరప్రాంత నియంత్రణ మండలిలోని రొయ్యల చెరువులను తీసేయమంది. సంప్రదాయ పద్ధతి సాగును మాత్రం మినహాయించింది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి దారి మార్చింది. చెరువు తవ్వినవాడి అప్పూ, పక్కచేలో ఉప్పు పేరుకున్నవాడి గోడూ రెండూ ఈ వ్యాసంలో వినిపిస్తాయి. తీర్పుతో కథ ముగియదని, ఆ తర్వాత చట్టసభ ఏం చేసిందో కూడా చూడాలని విద్యార్థులకు చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

న్యాయవిద్య గురించి రాసిన భాగం నన్ను ఎక్కువ కదిలించింది. 2024 జూలై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, అడ్వొకేట్ల చట్టం చెప్పినదానికి మించి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు వసూలు చేయరాదంది. అంటే 750 రూపాయలు. ఎస్సీ, ఎస్టీలకు 125. కొన్ని రాష్ట్రాల్లో వేలకు వేలు కట్టించుకుంటున్న కాలంలో కూలి ఇంటి బిడ్డకు నల్లకోటు దగ్గర చేసిన తీర్పది. 2025 మే 20న అదే కోర్టు, జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలంది. కోర్టు మెట్లెక్కని జడ్జి పార్టీ కష్టం ఎరగడు కనుక, ఆ మాట సబబే. అయితే ఆ మూడేళ్లూ జూనియరుకు తిండి ఎవరు పెడతారు, పల్లె నుంచి వచ్చే ఆడపిల్లకు రూము అద్దె ఎవరు కడతారు అని ఈ అమ్మాయి సూటిగా అడిగింది. ఆ ప్రశ్న సీనియర్లమైన మా మీదికే వస్తుంది. జూనియరు చేత పని చేయించుకుని బస్సు ఛార్జీ కూడా ఇవ్వని అలవాటు మాలో ఉంది. అది పోవాలి.

హైకోర్టు, సుప్రీంకోర్టుల భాష ఇంగ్లీషేనని రాజ్యాంగం 348వ అధికరణం చెబుతోంది. అయినా 2023లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు రాసి చూపింది. ఈ పుస్తకం తెలుగూ ఆ బాటదే. ‘మాండమస్’ అంటే చేయాల్సిన పని చేయమని అధికారికి కోర్టు ఇచ్చే ఆజ్ఞ అని ఒక్క వాక్యంలో చెప్పింది. నిఘంటువు కోసం వెతుక్కునే అవసరం పాఠకుడికి ఎక్కడా రాదు.

ఒక్క సూచన. మలిముద్రణలో ఉచిత న్యాయ సహాయం మీద ఒక వ్యాసం చేర్చాలి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు, వరదల వంటి విపత్తుల్లో నష్టపోయినవారికి ఆ హక్కు ఇచ్చింది. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన సీమలో ఈ సంగతి ప్రతి ఇంటికీ తెలిసి ఉండాలి.

కాగితం పట్టుకొచ్చిన ఆ పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన మనవడు అప్పుడప్పుడు కోర్టు దగ్గర కనిపిస్తుంటాడు. అచ్చయిన మొదటి ప్రతి అతని చేతిలో పెట్టమని ఈ అమ్మాయికి చెప్పాను. గెలిచామో ఓడామో అతను ఎవర్నీ అడగనక్కరలేదు, తనే చదువుకుంటాడు.

ఆశీస్సులతో,
మచిలీపట్నం