ఎలక్ట్రానిక్ గ్రంథముల విన్నపము, సేకరణము: ధర్మపురి కళాశాలల దృష్ట్యా ఒక విమర్శ

ధర్మపురి 1965 అక్టోబరు 2వ తేదీన సేలము జిల్లా నుండి విడివడి ప్రత్యేక జిల్లా అయినది. ఆ సంవత్సరముననే అచ్చట ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల వెలసినది. 1997లో సేలమున పెరియార్ విశ్వవిద్యాలయము స్థాపితము కాగా ధర్మపురి ప్రాంతము దాని పరిధిలోనికి వచ్చినది. 2008లో ప్రభుత్వ వైద్య కళాశాలయు, 2013లో ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలయు ఏర్పడినవి. ఉన్నతవిద్య ఆలస్యముగా అడుగిడిన సీమలో విద్యాలయములు ఇట్లు వృద్ధి చెందుట సంతోషింపదగిన విషయమే. కాని ఈ విద్యాలయములకు ప్రాణమైన గ్రంథాలయములు ఏ మార్గమున గ్రంథములను సంపాదించుచున్నవి, చదువరి కోరిక ఆ మార్గమున ఎంతదూరము పోగలుగుచున్నది అను ప్రశ్నను విచారించినవారు అరుదు. ముఖ్యముగా ఎలక్ట్రానిక్ గ్రంథములు, పత్రికలు వచ్చిన పిమ్మట ఈ ప్రశ్న క్రొత్తరూపము దాల్చినది.

అచ్చు పుస్తకమును కొనుటకు మన కళాశాలలలో ఒక వాడుక చిరకాలముగా స్థిరపడియున్నది. ఉపాధ్యాయుడు కావలసిన పుస్తకముల పేర్లు వ్రాసి ఇచ్చును. శాఖాధ్యక్షుడు సంతకము చేయును. గ్రంథాలయ సంఘము కూడి, ఉన్న నిధులను బట్టి జాబితాను కుదించును. ప్రిన్సిపాలు అనుమతించిన తరువాత విక్రేతల నుండి ధరలు తెప్పించి, కమీషను ఎక్కువ ఇచ్చువారికి ఆర్డరు పంపుదురు. పుస్తకము వచ్చినంతనే అక్సెషన్ రిజిస్టరులో దానికొక అంకె పడును, ముద్ర పడును, బీరువాలో చోటు దొరకును. ఈ క్రమము మందగమనము గలదే యైనను అర్థరహితము కాదు. ప్రజాధనముతో కొన్న వస్తువునకు ప్రతిమెట్టున ఒకరు బాధ్యులుగా నుండవలెనను భావము దీని మూలమున నున్నది. అయితే ఈ వరుసలో విద్యార్థి ఎక్కడను లేడన్న సంగతి గమనింపవలెను.

ఈ క్రమమునే ఎలక్ట్రానిక్ గ్రంథములకును అన్వయింప బూనుటతో చిక్కు మొదలైనది. ఎలక్ట్రానిక్ పత్రిక కొనబడు వస్తువు కాదు. చదువుకొనుటకు నియమితకాలము లభించు అనుమతి మాత్రమే. చందా ముగిసిననాడు చాలచోట్ల పాత సంచికలకు సైతము తలుపు మూతపడును. దానికి అక్సెషన్ అంకె లేదు. ఏటేట సరకు తనిఖీ చేయు ఆడిటరునకు చూపుటకు కాగితము తప్ప మరేమియు లేదు. ముగ్గురు విక్రేతల నుండి ధరలు తెప్పింపుమనుట అచ్చు పుస్తకముల విషయమున సబబు. ఒక్క ప్రచురణకర్త వద్దనే దొరకు పత్రికకు మూడు ధరలు ఎచ్చట నుండి రాగలవు? తమిళనాడున 1998లో చేయబడిన టెండర్ల పారదర్శకతా చట్టము వంటివి అవినీతిని అరికట్టుటకు పుట్టినవి. వాని ఉద్దేశము మంచిదే. కాని బల్లలు, బీరువాలు కొనుటను మనసున నుంచుకొని ఏర్పడిన పద్ధతులను చదువుటకిచ్చు అనుమతికి తొడుగబోయినప్పుడు కొలతలు కుదురవు. పైగా ప్రతి ప్రచురణకర్తయు తనదైన లైసెన్సు పత్రము పంపును. ఎంతమంది చదువవచ్చును, ఇంటినుండి చదువవచ్చునా, ఒక వ్యాసమును మరియొక కళాశాలకు పంపవచ్చునా అను షరతులు అందుండును. వానిని చదివి అర్థము చేసికొను వ్యవధి ఒంటరిగా పనిచేయు గ్రంథపాలకునకు ఉండదు.

ఈ చిక్కు ధర్మపురికే పరిమితమైనది కాదు. అమెరికాలో డిజిటల్ లైబ్రరీ ఫెడరేషన్ 2004లో ప్రకటించిన నివేదిక, ఎలక్ట్రానిక్ వనరు విన్నపము మొదలు రద్దు వరకు నడచు దశలన్నింటిని ఒక్కచోట చిత్రించి, ప్రతి దశయందు ఏ సమాచారము నిలుపుకొనవలెనో తెలిపినది. 2008లో అచ్చటి ప్రమాణసంస్థ నిసో, ‘సెరు’ అను పేర ఒక ఉమ్మడి అవగాహనను సిద్ధపరచినది. ఉభయులు దానికి అంగీకరించినచో వేరుగా లైసెన్సు వ్రాసికొన నక్కరలేదు. వెయ్యి రూపాయల వస్తువునకై పదివేల రూపాయల కాలము వ్యర్థము కారాదనుటయే దాని తాత్పర్యము. ఈ రెండింటిలో మన చిన్న కళాశాలలకు ఎక్కువ అక్కరకు వచ్చునది రెండవది. మొదటిదానిని అనుసరించి తయారైన యంత్రసామగ్రి పెద్ద విశ్వవిద్యాలయములకు తగినది. నలుబది గడులు నింపిన గాని కదలని కంప్యూటరు పత్రము, పాత సంతకముల వరుసకు మారువేషమే యగును.

భారతదేశమున ఈ సమస్యకు వేరు పరిష్కారము దొరకినది. కళాశాలకు బదులు ప్రభుత్వమే బేరమాడుట ఆ మార్గము. గాంధీనగరమునందలి ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము 2010 ప్రాంతమున ‘ఎన్-లిస్ట్’ ద్వారా సామాన్య కళాశాలలకు వేలకొలది పత్రికలను, లక్షకు మించిన గ్రంథములను అందుబాటులోనికి తెచ్చినది. 2015లో అంతకుముందున్న మూడు పథకములు ‘ఇ-శోధసింధు’గా కలిసినవి. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రిమండలి ‘ఒక దేశము – ఒక చందా’ పథకమును ఆమోదించినది. 2025, 2026, 2027 సంవత్సరములకు 6,000 కోట్ల రూపాయలు కేటాయింపబడినవి. ముప్పదిమంది అంతర్జాతీయ ప్రచురణకర్తల పత్రికలు సుమారు 13,000, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వముల విద్యాసంస్థలు, కేంద్ర పరిశోధనాలయములు 6,300లకు పైగా, విద్యార్థులు మున్నగువారు దాదాపు 1.8 కోట్లు, ఇవి ఆ పథకపు లెక్కలు. మహానగరపు విద్యాలయమునకు దక్కునదే ధర్మపురి వంటి పట్టణపు ప్రభుత్వ విద్యార్థికిని దక్కవలెనను ఆశయము సామాన్యమైనది కాదు. ఒక్కొక్క కళాశాల ఒక్కొక్క ప్రచురణకర్తతో పోరాడుచున్న రోజులతో పోల్చినచో, సేకరణమునందలి క్లేశము చాలవరకు తొలగినదని ఒప్పుకొనక తప్పదు.

అయితే విమర్శ ఇచ్చటనే ప్రారంభము కావలసియున్నది. సేకరణము సులభమైనది గాని విన్నపము అదృశ్యమైనది. అడుగక ముందే అన్నియు వడ్డింపబడిన విస్తరి ముందు కూర్చున్నవాడు, తనకు కావలసినది అందు లేనప్పుడు ఎవరిని అడుగవలెనో తెలియక లేచిపోవును. దీనిని ఒక ఊహాచిత్రముతో స్పష్టపరచవచ్చును.

ధర్మపురిలో చరిత్ర చదువు ఒక తెలుగు విద్యార్థిని నొళంబ రాజులను గూర్చి పరిశోధింప దలచినదనుకొందము. విషయము ఆ నేలకు తగినదే. తగడూరు అని పూర్వము వ్యవహరింపబడిన ఈ ధర్మపురిలో నొళంబుల శాసనములు లభించినవి. వారి రాజధాని హెంజేరు, నేటి హేమావతి, ఆంధ్రప్రదేశమున శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నది. అనగా తమిళ, కన్నడ, తెలుగు సీమలు మూడును కలిసిన చరిత్ర యిది. ఆమెకు ముందుగా కావలసినవి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ సంపుటములు, ‘దక్షిణభారత శాసనములు’ తొమ్మిదవ, పదవ సంపుటములు. మొదటిది కన్నడ శాసనములకు, రెండవది తెలుగు శాసనములకు చెందినది. పిదప నేటి చరిత్రకారులు ఆంగ్ల పత్రికలలో వ్రాసిన వ్యాసములు. చివరకు, తెలుగు పండితులు పాత మాసపత్రికలలో ప్రకటించిన చర్చలు, ఆంధ్రదేశమున ఇటీవల వెలువడి చెన్నపట్టణపు అంగళ్లలో సైతము దొరకని తెలుగు గ్రంథములు.

ఈ కోరికలు మూడు జాతులకు చెందినవి. ఆంగ్ల వ్యాసములు కళాశాలకు ఇదివరకే అనుమతి లభించిన పత్రికలలో నుండవచ్చును. అక్కడ కావలసినది కొనుగోలు కాదు, దారి చూపుట. పాస్‌వర్డు ఎట్లు పొందవలెనో, ఇంటినుండి ఎట్లు చదువవలెనో తెలిపిన చాలును. శాసన సంపుటములును, పాత పత్రికలును వేరుజాతివి. ఇందు చాలభాగము అంకరూపమున ఉచితముగ లభించుచున్నది. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను అంకరూపమునకు తెచ్చినది. భారత డిజిటల్ గ్రంథాలయము మూతపడినను, అందలి తెలుగు పుస్తకముల ప్రతులు అనేకములు ఇంటర్నెట్ ఆర్కైవున నిలిచియున్నవి. ఇచ్చట కావలసినది ధనము కాదు, గుర్తింపు. తప్పుగా వ్రాయబడిన పేర్ల క్రింద, రచయిత పేరు లేక, ఆంగ్లాక్షరములలో చిత్రవిచిత్రముగా నమోదైన తెలుగు పుస్తకమును వెదకి పట్టుట గ్రంథపాలకుని నేర్పుతో గాని సాధ్యపడదు. ఇక మూడవ జాతి: ఏ మూటయందును లేనిది, ఉచితముగ దొరకనిది. దానిని కొనవలెను, లేదా 1988లో ఢిల్లీలో ప్రారంభమైన డెల్‌నెట్ వంటి సహకార వ్యవస్థ ద్వారా మరియొక గ్రంథాలయము నుండి తెప్పింపవలెను.

పాత పద్ధతి ఈ మూడింటిని ఒకే వరుసలో నిలుపును. ఒక్క కాసు వ్యయము లేని కోరికకును శాఖాధ్యక్షుని సంతకము, సంఘపు సమావేశము అవసరమగును. క్రొత్త పద్ధతియో, మొదటి జాతిని మాత్రమే గుర్తించి తక్కిన రెండింటిని మరచినది. వేగము పెంచుట యనగా మెట్లు తగ్గించుట మాత్రమే కాదు. ఏ కోరికకు ఏ మెట్లు అక్కరలేదో ద్వారముననే తేల్చుట. ఆ పని చేయుటకు సంఘము వలదు. గ్రంథపాలకుడొక్కడు చాలును, అతనికా అధికారము వ్రాతపూర్వకముగా ఇచ్చినచో. మొదటి రెండు జాతుల కోరికలను అతడే తీర్చి, మూడవదానిలో అల్పవ్యయమునకు లోబడినవానిని ప్రిన్సిపాలు అనుమతితో నేరుగా తెప్పించి, పెద్ద చందాలను మాత్రము సంఘము ముందుంచిన చాలును. అడిగినవారికి ఇన్ని దినములలో ‘దొరకినది’ యనియో ‘దొరకలేదు, ఇందువలన’ అనియో ప్రత్యుత్తరము పోవలెను. ఉత్తరము రాని విన్నపము మరల రాదు.

తెలుగువారికి ఇందు ప్రత్యేకమైన నష్టము కలదు. 2011 జనగణనమున తమిళనాట తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నవారు 42 లక్షలకు పైబడినారు. ఇంతమంది యున్నను ఒక్కొక్క కళాశాలలో తెలుగు గ్రంథము కోరువారు కొందరే. నేడు ఎలక్ట్రానిక్ పత్రికల విలువను వినియోగపు లెక్కలతో కొలుచుచున్నారు. ‘కౌంటర్’ అను అంతర్జాతీయ ప్రమాణము ఎన్నిమారులు ఏ వ్యాసము చదువబడినదో లెక్కించును. అంతియ గాక, అనుమతి లేనందున ఎంతమంది వెనుదిరిగిరో కూడ లెక్కించును. ఇది మెచ్చదగిన ఏర్పాటు. కాని వెనుదిరుగుటకైనను ఒక తలుపుండవలెను. ఏ ప్రచురణకర్త వేదికపైనను లేని తెలుగు పుస్తకమును కోరి నిరాశ చెందినవారి సంఖ్య ఏ లెక్కలోను చేరదు. చందాలను పునరుద్ధరించునపుడు అధికారుల ముందుండు పట్టికలో తెలుగునకు సున్న కనబడును. ఆ సున్న ‘అడుగలేదు’ అని చెప్పుచున్నదో, ‘అడుగుటకు చోటు లేదు’ అని చెప్పుచున్నదో పట్టిక తెలుపదు. అల్పసంఖ్యాకుల భాష గ్రంథాలయములనుండి తొలగుటకు ఎవరి ద్వేషమును అక్కరలేదు. ఇట్టి సున్నలు నాలుగేండ్లు వరుసగా వచ్చిన చాలును.

అందువలన తీరని కోరికల రిజిస్టరు ఒకటి ప్రతి కళాశాలా గ్రంథాలయమునను ఉండుట అత్యావశ్యకము. దీనికి యంత్రసామగ్రి అక్కరలేదు. తేది, గ్రంథనామము, భాష, అడిగినవారి తరగతి, ఏమైనది: ఈ ఐదు గడులు గల నోటుపుస్తకము చాలును. అడిగినవారి పేరు సైతము అక్కరలేదు. అక్సెషన్ రిజిస్టరు ఉన్నదానిని చెప్పును. ఇది లేనిదానిని చెప్పును. మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడుగా నుండి 1931లో పంచసూత్రములను ప్రకటించిన రంగనాథన్ గారు ప్రతి చదువరికిని అతని గ్రంథము అందవలెనన్నారు. వేయిమందికి పదమూడువేల పత్రికలు చేరినంతమాత్రమున ఆ సూత్రము నెరవేరినట్లు కాదు. పాతూరి నాగభూషణము గారు 1935లో కృష్ణా డెల్టా కాలువలపై పడవ గ్రంథాలయము నడిపినప్పుడు, అది రేవురేవున ఆగుటలోనే దాని ప్రయోజనమంతయు నుండెను.

గ్రంథపాలకుల పోస్టులు ఖాళీగా నున్నచోట, ఉన్నవారికి వేరు పనులు అప్పగింపబడుచోట ఈ భారము ఎవరు మోయవలెనను ఆక్షేపణ రాగలదు. అది న్యాయమైన ఆక్షేపణయే. అయితే రెండవ జాతి పనిని, అనగా ఉచితముగ లభించు తెలుగు గ్రంథములను గుర్తించి సరియైన పేర్లతో పట్టిక వ్రాయుటను, కళాశాలలే చేయవలెనను నియమము లేదు. తెలుగు సంఘములు పూనుకొన్నచో ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల చరిత్రకు, భాషకు సంబంధించిన గ్రంథముల పట్టికను తెలుగు లిపిలోను తమిళ లిపిలోను కూర్చి కళాశాలలకు ఇయ్యవచ్చును. రచయిత మరణించి 60 సంవత్సరములు గడచిన గ్రంథములకు కాపీరైటు అడ్డురాదు గాన, అట్టివి సభ్యుల ఇండ్లలో నున్నచో అంకరూపమునకు తెచ్చుటకును అభ్యంతర ముండదు. తరువాతి కాలపువానికి మాత్రము హక్కుదారుల అనుమతి కోరవలెను. ఈ విషయమున సంఘములు ఉదారముగా నుండబోయి చట్టమును మీరరాదు.

‘ఒక దేశము – ఒక చందా’ పథకమునకు ప్రకటింపబడిన గడువు 2027 డిసెంబరుతో ముగియును. తరువాతి దశకు భారతీయ భాషల గ్రంథములను కూడ చేర్పుమని కోరదలచినవారు అప్పటికి చూపవలసినది తీర్మానములు కావు. ఏ కళాశాలలో, ఏ మాసమున, ఏ గ్రంథము అడుగబడి దొరకలేదో తెలుపు నోటుపుస్తకములు. ధర్మపురిలో అట్టి పుస్తకమున మొదటి పంక్తిగా హేమావతి శాసనములపై ఒక తెలుగు గ్రంథము పేరు చేరవచ్చును.